ఫ్లాప్ పైకి రాకపోతే: సొంతంగా కట్టుకున్న విమానానికి బ్యాకప్ కంట్రోల్ డిజైన్

మొదటిసారి బ్యాకప్ స్విచ్ నొక్కగానే టప్పుమని బ్రేకర్ పడిపోయింది. మోటారు కొంచెం కూడా కదల్లేదు. అదృష్టం కొద్దీ అప్పటికి విమానం గాల్లో లేదు, కనీసం హ్యాంగర్‌కి కూడా వెళ్లలేదు. డాలస్‌కి ఉత్తరాన మా ఇంటి గరాజ్‌లో రెక్కలు గోడకి ఆనించి ఉన్నాయి. ఫ్లాప్ మోటారు చెక్కబల్ల మీద క్లాంపులో బిగించి ఉంది. పగలు ఫ్యాక్టరీ మోటార్ డ్రైవ్‌లకి ఫర్మ్‌వేర్ రాసి జీతం తీసుకునే మనిషిని నేను. రెండు రిలేలు, ఒక స్విచ్ ఉన్న సర్క్యూట్‌లో షార్ట్ చేసుకున్నానంటే నాకే సిగ్గనిపించింది.

ఆ షార్ట్ దగ్గర మొదలైన పని నాలుగు నెలలు సాగింది. సర్క్యూట్ అందులో చిన్న భాగమే. బ్యాకప్ దేనికి పెట్టుకుంటున్నామో తేల్చుకోవడానికే ఎక్కువ కాలం పట్టింది.

ముందు విమానం సంగతి. రెండు సీట్లు పక్కపక్కనే ఉండే అల్యూమినియం కిట్, 180 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్. అమెరికాలో వీటిని ఎక్స్‌పెరిమెంటల్ అమెచ్యూర్ బిల్ట్ కేటగిరీలో రిజిస్టర్ చేస్తారు. సగానికి పైగా పని అభిరుచి కోసమో, నేర్చుకోవడం కోసమో కట్టేవాళ్లే చేసి ఉండాలి. వాడుకలో 51 శాతం రూల్ అంటారు. నాకు ఆరేళ్లు పట్టింది.

ఫ్లాప్‌లంటే రెక్క వెనక అంచులో, బాడీకి దగ్గరగా ఉండే పలకలు. దిగేటప్పుడు వీటిని కిందికి వంచితే విమానం తక్కువ స్పీడ్‌లో కూడా గాల్లో నిలబడుతుంది, డ్రాగ్ (గాలి నిరోధం) పెరిగి ముక్కు కిందికి పెట్టి దిగడం సులువవుతుంది. నా విమానంలో 40 డిగ్రీల వరకు వంగుతాయి. సీట్ల వెనక ఒకే ఒక ఎలక్ట్రిక్ యాక్చుయేటర్ (స్క్రూని తిప్పే మోటారు) ఉంటుంది. అది అడ్డంగా ఉన్న టార్క్ ట్యూబ్‌ని తిప్పుతుంది. ట్యూబ్ రెండు చివర్ల నుంచి చెరొక పుష్‌రాడ్ కుడి, ఎడమ ఫ్లాప్‌లకి వెళ్తుంది. మోటారు ఒకటే, ట్యూబ్ ఒకటే కాబట్టి రెండు ఫ్లాప్‌లూ కలిసే కదులుతాయి. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మామూలుగా ఫ్లాప్‌ని నడిపేది ఒక చిన్న కంట్రోలర్ డబ్బా, ఇదే ప్రైమరీ. స్టిక్ మీది బటన్ ఒకసారి నొక్కితే 20 డిగ్రీలు, ఇంకోసారి నొక్కితే 40. ఫ్లాప్ ఎక్కడుందో దానికి చెప్పేది టార్క్ ట్యూబ్‌కి సన్నని కడ్డీతో తగిలించిన పొటెన్షియోమీటర్ అనే, తిప్పితే రీడింగ్ మారే సెన్సర్.

బ్రేకర్ ఎందుకు పడింది

కంట్రోలర్ లోపల రెండు రిలేలు (కరెంటుతో పని చేసే స్విచ్‌లు) ఉన్నాయి, మోటారు తీగకి ఒకటి చొప్పున. రిలే పని చేయనప్పుడు తన తీగని గ్రౌండ్‌కి కలిపి ఉంచుతుంది, పని చేస్తే 12 వోల్టులకి కలుపుతుంది. ఇది మంచి పద్ధతి. రెండూ ఖాళీగా ఉన్నప్పుడు మోటారు రెండు తీగలూ గ్రౌండ్ దగ్గర కలిసిపోయి మోటారుకి బ్రేక్ వేసినట్టవుతుంది, ఫ్లాప్ ఆగమన్నచోట ఆగుతుంది. పొరపాటున రెండూ ఒకేసారి పని చేసినా రెండు తీగలూ 12 వోల్టుల మీదే ఉంటాయి కాబట్టి షార్ట్ అవదు, మోటారు ఊరికే ఆగుతుంది.

నేను చేసిన తెలివి తక్కువ పని ఏంటంటే, బ్యాకప్ స్విచ్‌ని తీసుకెళ్లి అవే మోటారు తీగలకి సమాంతరంగా కలపడం. స్విచ్ నొక్కితే ఒక తీగకి 12 వోల్టులు వెళ్తాయి. ఆ తీగ అప్పటికే ఖాళీగా ఉన్న రిలే ద్వారా గ్రౌండ్‌కి కలిసి ఉంది. అంటే బ్యాకప్ స్విచ్ చేసే ఒకే ఒక్క పని బ్యాటరీని షార్ట్ చేయడం! ప్రైమరీ బాగున్నంత కాలం బ్యాకప్ పని చేయదు, ప్రైమరీ పాడైతే చేస్తుందో లేదో అది ఏ రకంగా పాడైందనే దాన్ని బట్టి ఉంటుంది. బల్ల మీద పరీక్షించకుండా నేరుగా విమానంలో బిగించి ఉంటే ఈ సంగతి ఎప్పుడు బయటపడేదో.

మామయ్యగారి మూడు ప్రశ్నలు

ఆ రోజుల్లోనే మా ఆవిడ పెదనాన్నగారు కూతురి దగ్గరికి ఆరు నెలలు ఉండటానికి వచ్చారు. ఎయిర్‌ఫోర్స్‌లో టెక్నీషియన్‌గా చేసి రిటైరైన మనిషి. అమెరికాలో మాల్స్ చూసి విసుగెత్తిపోయి, శని ఆదివారాలు మా గరాజ్‌లో స్టూల్ వేసుకుని కూర్చునేవారు. నేను కొత్త సర్క్యూట్ గీసి గర్వంగా చూపిస్తే కాగితం పక్కన పెట్టేశారు.

"ఇది తర్వాత చూద్దాం అల్లుడూ. ముందు చెప్పు, ఫ్లాప్ దిగకపోతే ఏమవుతుంది?"

"ఏమీ కాదు మామయ్యగారూ. ఫ్లాప్ లేకుండానే ల్యాండవుతాను. కొంచెం స్పీడ్ ఎక్కువ ఉంటుంది, అంతే."

"దిగింది పైకి రాకపోతే?"

కొంచెం ఆలోచించాను. "ల్యాండింగ్ మానేసి మళ్లీ పైకి వెళ్లాల్సి వస్తే ఇబ్బంది."

"ఎవరూ చెప్పకుండా తనంతట తనే దిగితే?"

దానికి నా దగ్గర జవాబు లేదు. అప్పటిదాకా నేను గీసిన బొమ్మలన్నీ మొదటి ప్రశ్నకి సమాధానాలే. అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్నది కూడా అదే.

ఆ రాత్రి కూర్చుని ఒక్కోదానికీ లెక్క వేశాను. ముందు అంచనా అంకెలతో వేసి, తర్వాత టెస్ట్ ఫ్లయింగ్‌లో కొలిచిన వాటితో సరిచేశాను. ఇక్కడ చెప్పేవి సరిచేసిన అంకెలు.

ఫ్లాప్ దిగకపోవడం. నా విమానం ఫుల్ ఫ్లాప్‌తో 48 నాట్ల (నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు) దగ్గర స్టాల్ అవుతుంది, ఫ్లాప్ లేకుండా 54 దగ్గర. స్టాల్ అంటే స్పీడ్ చాలక రెక్క విమానాన్ని మోయలేకపోవడం. అప్రోచ్ స్పీడ్ (దిగడానికి వచ్చే స్పీడ్) స్టాల్ స్పీడ్‌కి 1.3 రెట్లు పెట్టుకుంటే 62 బదులు 70. నేల తాకాక ఆపాల్సిన శక్తి స్పీడ్ వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి దాదాపు 27 శాతం ఎక్కువ. మా ఎయిర్‌పోర్టు రన్‌వేకి ఇదొక లెక్క కాదు. అంటే ఫ్లాప్‌ని దించడానికి నాకు అసలు బ్యాకప్పే అక్కర్లేదు. దానికి బ్యాకప్ ప్రాక్టీసు.

పైకి రాకపోవడం. 180 హార్స్‌పవర్ ఉన్న తేలికపాటి విమానం కాబట్టి ఫుల్ ఫ్లాప్‌తో కూడా పైకెక్కుతుంది. చల్లటి రోజు ఒక్కడినే ఉన్నప్పుడు నిమిషానికి 600 అడుగులకి పైనే చూపించింది. టెక్సస్ ఆగస్టు ఎండలో, ఇద్దరు మనుషులతో, ట్యాంకులు నిండా ఉంటే ఆ అంకె బాగా పడిపోతుంది. చిన్న ఇంజన్ ఉన్న విమానాల్లో ఇదే ప్రాణం మీదికి తెస్తుంది. సెస్నా 172లో 40 డిగ్రీలు ఉన్న ఫ్లాప్‌ని 1981 మోడల్ 172పీ నుంచి 30కి తగ్గించారు. 40 డిగ్రీలతో గోఅరౌండ్ (ల్యాండింగ్ మానేసి మళ్లీ పైకెక్కడం) చేసి చూసిన పాత పైలట్లని అడిగితే ఆ మార్పు మీద ఎవరికీ ఫిర్యాదు ఉండదు.

తనంతట తనే దిగడం. నా ఫ్లాప్‌కి పూర్తి 40 డిగ్రీలకి స్పీడ్ లిమిట్ 87 నాట్లు. క్రూజ్‌లో 160 నాట్ల దగ్గర దిగితే గాలి ఒత్తిడి లిమిట్ దగ్గర ఉన్నదానికి 3.4 రెట్లు. ఫ్లాప్ పూర్తిగా దిగడానికి 8 సెకన్లు, అంటే సెకనుకి 5 డిగ్రీలు. ఏం జరుగుతోందో పైలట్‌కి అర్థమై చెయ్యి కదలడానికి 3 సెకన్లు అనుకున్నా 15 డిగ్రీలు అప్పటికే దిగిపోయి ఉంటాయి. అంత బరువుకి మోటారే ఆగిపోవచ్చు, కానీ అలా ఆగుతుందనే నమ్మకం మీద విమానం నడపలేం.

మా ఊళ్లో బోరు మోటార్లకి ఆటో స్టార్టర్లు ఉండేవి. కరెంటు రాగానే పొలంలో మనిషి ఉన్నా లేకపోయినా మోటారు వేసేస్తాయి. తెలంగాణలో 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ముందు ఆ స్టార్టర్లు తీసేయండని రైతుల వెంటపడ్డారు, బావుల్లో నీళ్లు మిగలవని. నా కంట్రోలర్ కూడా అలాంటిదేనా అని అనుమానం వచ్చి చూశాను. బటన్ నొక్కి పట్టుకుని పవర్ తీసి మళ్లీ ఇచ్చాను. ఫ్లాప్ కదలడం మొదలుపెట్టింది! అంటే స్టిక్ బటన్ ఇరుక్కుపోయి ఉండి, కరెంటు ఒక్క క్షణం పోయి వస్తే చాలు. ఫర్మ్‌వేర్ సెట్టింగ్ మార్చి, పవర్ వచ్చాక బటన్ ఒకసారి వదిలితే తప్ప కదలకుండా చేశాను.

ఇక నాలుగోది, మామయ్యగారు అడగనిది, అన్నిటికంటే భయంకరమైనది. ఒక ఫ్లాప్ దిగి ఇంకోటి దిగకపోవడం. ఒక పుష్‌రాడ్ ఊడిపోతే ఆ వైపు ఫ్లాప్‌ని గాలి పైకి తోసేస్తుంది, రెండోది కిందే ఉంటుంది. విమానం ఒక పక్కకి దొర్లుతుంది. నా లెక్కలో 20 డిగ్రీల తేడా వరకు ఐలరాన్‌తో (విమానాన్ని పక్కకి వంచే, రెక్క చివరి పలకలతో) పట్టుకోవచ్చు. ఆ పైన నా లెక్క మీద నాకే నమ్మకం లేదు, గాల్లో పరీక్షించి చూసే విషయమూ కాదు. అప్పుడు చేయగలిగింది ఒక్కటే, ఇప్పుడే ఏ మార్పు చేశామో దాన్ని వెనక్కి తీసుకోవడం. కిందున్న ఫ్లాప్‌ని కూడా ఎత్తేయాలి, వెంటనే.

నాలుగూ పక్కపక్కన రాసి చూస్తే బొమ్మ తిరగబడింది. బ్యాకప్‌కి మొదటి పని మోటారుని ఆపడం. రెండో పని ఫ్లాప్‌ని ఎత్తడం. దించడం అనేది ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

పక్కన పెట్టేసిన ఆలోచనలు

మొదట ఆకర్షించింది చేత్తో లాగే లివర్. పాత విమానాల్లో అదే ఉండేది. సెస్నా 172కి కూడా 1965 మోడల్ 172ఎఫ్ నుంచే ఎలక్ట్రిక్ ఫ్లాప్‌లు వచ్చాయి, అంతకు ముందు నేల మీద లివరే. కరెంటుతో పని లేదు, చేతికి నేరుగా తెలుస్తుంది. లెక్క వేశాను. ఒక్కో ఫ్లాప్ సుమారు అర చదరపు మీటరు, వెడల్పు 30 సెంటీమీటర్లు. 80 నాట్ల దగ్గర గాలి ఒత్తిడి 1,040 పాస్కల్స్. గాలి ఫ్లాప్‌ని ఎంత బలంగా తిప్పుతుందో చెప్పే హింజ్ మూమెంట్ కోఎఫిషియంట్ 0.4 అనుకుంటే రెండు ఫ్లాప్‌లకీ కలిపి 120 న్యూటన్ మీటర్లకి పైన. 45 సెంటీమీటర్ల లివర్ నేరుగా తిప్పితే చేతి మీద 28 కిలోలు. లింకేజ్ మార్చి తగ్గించుకోవచ్చు, అది అసలు సమస్య కాదు.

అసలు సమస్య స్క్రూ. యాక్చుయేటర్ లోపలి స్క్రూ వెనక్కి తిరగదు, బయటి నుంచి ఎంత తోసినా కదలదు. గాలి ఒత్తిడికి ఫ్లాప్ వెనక్కి రాకుండా పట్టుకునేది అదే. లివర్ పెట్టాలంటే యాక్చుయేటర్‌ని ట్యూబ్ నుంచి విడదీసే పిన్ ఒకటి ఉండాలి. ఆ పిన్ తనంతట ఊడితే ఫుల్ ఫ్లాప్‌తో నేలకి 50 అడుగుల ఎత్తులో ఉన్నప్పుడు రెండు ఫ్లాప్‌లూ ఒక్కసారిగా పైకి పోతాయి, విమానం కూలబడుతుంది. అరుదైన చిన్న ఇబ్బంది కోసం కొత్త పెద్ద ప్రమాదాన్ని కొనుక్కోవడం అన్నమాట. వదిలేశాను.

రెండోది స్పీడ్ లాక్. 90 నాట్లు దాటితే ఫ్లాప్ దిగకుండా ప్రెషర్ స్విచ్ ఒకటి పెట్టడం. ఆలోచన మంచిదే, కానీ దానికి స్పీడ్ కొలిచే పీటో ట్యూబ్ పైపులో టీ జాయింట్ వేయాలి. ఆ జాయింట్ లీకైతే స్పీడ్ మీటరే తప్పు చూపిస్తుంది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు.

మూడోది, బ్యాకప్ స్విచ్‌తో అవే రిలేల కాయిల్స్‌ని నడపడం. వైరింగ్ తక్కువ, షార్ట్ భయం లేదు. కానీ దించే రిలే కాంటాక్టులు అతుక్కుపోతే? ఎత్తే రిలేని నడిపినా రెండు తీగలూ 12 వోల్టుల మీదికి వచ్చి మోటారు ఆగుతుంది, అంతే. ఆపగలం, ఎత్తలేం. నాకు రెండూ కావాలి.

ప్రైమరీ పాడైందని సిస్టమే కనిపెట్టి బ్యాకప్‌కి మారిపోయే ఆటోమేటిక్ పద్ధతి మీద ఒక్క సాయంత్రం కంటే ఎక్కువ ఖర్చు పెట్టలేదు. ఉద్యోగంలో అలాంటివి చాలా రాశాను. అందుకే నమ్మకం లేదు.

చివరికి బిగించింది

మోటారు రెండు తీగలూ నేరుగా రెండు తీగలనీ ఒకేసారి మార్చే ఒక రెండు పోళ్ల టాగుల్ స్విచ్ (ఇదే ట్రాన్స్‌ఫర్ స్విచ్) మధ్య టెర్మినల్స్‌కి వస్తాయి. ఒక వైపు కంట్రోలర్, రెండో వైపు బ్యాకప్. స్విచ్ మారినప్పుడు ముందు కంట్రోలర్ పూర్తిగా విడిపోతుంది, ఆ తర్వాతే బ్యాకప్ కలుస్తుంది. కంట్రోలర్‌లో రిలే అతుక్కున్నా, ఫర్మ్‌వేర్ పిచ్చెక్కినా, స్టిక్ బటన్ ఇరుక్కున్నా, ఈ ఒక్క స్విచ్ వేస్తే మోటారుకి దానితో సంబంధం తెగిపోతుంది. ఆపడం అనే మొదటి పని అక్కడే అయిపోయింది. దీని మీద ఎర్ర గార్డు ఉంది.

బ్యాకప్ వైపు ఉన్నది వదిలితే మధ్యకి వచ్చేసే స్ప్రింగ్ టాగుల్, నొక్కే వైపుని బట్టి మోటారు దిశ మారే క్రాస్ వైరింగ్‌తో. నొక్కి పట్టుకున్నంత సేపే మోటారు తిరుగుతుంది. మధ్యలో రిలే లేదు, సెన్సర్ లేదు, ఫర్మ్‌వేర్ లేదు. చివర్ల దగ్గర లిమిట్ స్విచ్‌లు కూడా పెట్టలేదు, ఎందుకంటే నా యాక్చుయేటర్ చివరికి వెళ్తే లోపల ఊరికే తిరుగుతుంది. మీ యాక్చుయేటర్ అలాంటిది కాకపోతే ఈ నిర్ణయాన్ని కాపీ కొట్టకండి.

రెండు దారులకీ వేరువేరు బస్‌ల (కరెంటు పంచే పట్టీల) నుంచి కరెంటు, వేరువేరు 10 ఆంపుల బ్రేకర్లు. చేత్తో లాగగలిగే బ్రేకర్లే పెట్టాను. ప్యానెల్ వెనక దాక్కున్న బ్లేడ్ ఫ్యూజ్‌ని గాల్లో ఎవరూ పీకలేరు. బ్రేకర్ తనే పడి కాపాడుతుందని కూడా అనుకోకండి. నా మోటారు జామైతే 14 ఆంపులు తీసుకుంటుంది. 10 ఆంపుల థర్మల్ బ్రేకర్ ఆ కరెంటు దగ్గర పడటానికి పదుల సెకన్లు పట్టొచ్చు, ఫ్లాప్ ప్రయాణమంతా 8 సెకన్లు. బ్రేకర్ కాపాడేది తీగని. ఫ్లాప్‌ని ఆపాల్సింది మన చెయ్యే.

గ్రౌండ్ దగ్గర మాత్రం దొరికిపోయాను. పవర్ రెండు దారుల్లో తెచ్చి, రెండు గ్రౌండ్ తీగలనీ తీసుకెళ్లి ఒకే బోల్ట్ కింద బిగించాను. ఆ బోల్ట్ వదులైతే రెండూ పోతాయి. ఇది మామయ్యగారు వేలితో చూపించారు, ఏమీ అనలేదు. ఇప్పుడు బ్యాకప్ గ్రౌండ్ ఫైర్‌వాల్ (ఇంజన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడ) దగ్గర విడిగా ఉంది. మోటారు, ట్రాన్స్‌ఫర్ స్విచ్, వాటి మధ్య తీగలు మాత్రం ఇప్పటికీ ఉమ్మడివే. అవి పోతే ఫ్లాప్ ఉన్నచోటే ఉండిపోతుంది. దానికి ఒప్పుకున్నాను.

స్విచ్ ఎటు నొక్కాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. అమెరికన్ సర్టిఫికేషన్ రూల్స్‌లో పార్ట్ 23 అనేది చిన్న విమానాలకి. మా కేటగిరీకి వర్తించదు. 2017లో దాన్ని మొత్తం తిరగరాశారు కూడా. కానీ పాత సెక్షన్లు చదివితే పోయేదేం లేదు, దెబ్బలు తిన్నవాళ్లు రాసినవి అవి. ఫ్లాప్ లివర్ ముందుకి తోస్తే ఎత్తాలి, వెనక్కి లాగితే దించాలి, నాబ్ రెక్క ఆకారంలో ఉండాలి అని అందులో ఉంది. చూడకుండా తడిమినా తెలియాలని. త్రీడీ ప్రింటర్‌లో రెక్క ఆకారం నాబ్ చేసి, నా టాగుల్ పైకి అంటే ఫ్లాప్ పైకి అని పెట్టాను. మొదటి గ్రౌండ్ టెస్ట్‌లో పైకి నొక్కితే ఫ్లాప్ కిందికి వచ్చింది. టాగుల్ స్విచ్‌లో లివర్ పైకెత్తితే వెనక కలిసేది కింది టెర్మినల్స్. ఇరవై ఏళ్లుగా తెలిసిన సంగతే, అయినా తిరగేసి కలిపాను. ఆ రోజు నుంచి బ్యాకప్‌ని వైరింగ్ బొమ్మ చూసి కాకుండా ఫ్లాప్ పక్కన మనిషిని నిలబెట్టి చెక్ చేస్తున్నాను.

అదే పార్ట్ 23లో ఇంకో సెక్షన్ కుడి ఎడమ ఫ్లాప్‌లు యాంత్రికంగా కలిసి ఉండాలని, లేదా విడిపోయినా విమానం అదుపులో ఉంటుందని చూపించాలని అడుగుతుంది. నా విమానంలో ఆ కలయిక టార్క్ ట్యూబ్. దానికీ ఫ్లాప్‌కీ మధ్య ఉన్న రాడ్ ఎండ్‌లు (కడ్డీల చివరి జాయింట్లు), బోల్ట్‌లు ఊడితే నేను పైన చెప్పిన స్విచ్‌లలో ఏదీ ఆ ఫ్లాప్‌ని పట్టుకోలేదు. యాక్చుయేటర్ షాఫ్ట్ చివరి రాడ్ ఎండ్ మరీ ముఖ్యం. షాఫ్ట్ స్వేచ్ఛగా తిరిగే రకమైతే వైబ్రేషన్‌కి మెల్లగా మర తిరిగి బయటికి వచ్చేస్తుంది. దానికి రంధ్రం వేసి సేఫ్టీ వైర్ కట్టాను, పుష్‌రాడ్‌లకి జామ్ నట్‌ల మీద టార్క్ సీల్ (నట్ కదిలితే పగిలి చూపించే రంగు) గీతలు పెట్టాను. మొత్తం ఎలక్ట్రికల్ బ్యాకప్‌కి 90 డాలర్లు అయింది. సేఫ్టీ వైర్ ముక్క ఖరీదు లెక్కలోకి కూడా రాదు. రెండిట్లో ఒకటే ఉంచుకోమంటే వైర్ ఉంచుకుంటాను.

రంగు గీతలు

1979 మే 25న షికాగో ఓహేర్‌లో టేకాఫ్ అవుతున్న డీసీ-10 ఎడమ ఇంజన్ ఊడిపోయింది. ఊడుతూ హైడ్రాలిక్ పైపుల్ని తెంపేసింది. ఎడమ రెక్క ముందంచు బయటి స్లాట్‌లు (తక్కువ స్పీడ్‌లో రెక్కని నిలబెట్టడానికి ముందుకి చాచే పలకలు) గాలికి వెనక్కి వెళ్లిపోయాయి. కుడివైపువి బయటే ఉన్నాయి. ఎడమ రెక్క ముందుగా స్టాల్ అయి విమానం దొర్లిపోయింది. నేల మీద ఇద్దరితో కలిపి 273 మంది పోయారు. స్లాట్‌లు సరిపోలట్లేదని చెప్పాల్సిన హెచ్చరికకి, స్టాల్ వార్నింగ్‌కి కూడా ఆ ఇంజన్‌తోపాటే కరెంటు పోయింది. కాక్‌పిట్‌లో వాళ్లకి ఏం జరిగిందో తెలిసే దారి లేదు.

నా స్క్రీన్ మీద కనిపించే ఫ్లాప్ అంకె కూడా కంట్రోలర్ వాడే పొటెన్షియోమీటర్ నుంచే వస్తుంది. అది తప్పు చెప్తే ఇద్దరూ ఒకే అబద్ధం చెప్తారు. ఇంకో సెన్సర్ పెట్టే బదులు ఫ్లాప్ పై భాగం మీద ఎర్ర రంగుతో మూడు గీతలు గీశాను. ఫ్లాప్ దిగేకొద్దీ రెక్క అంచు కింద నుంచి ఒక్కోటీ బయటికి వస్తుంది, 10 దగ్గర మొదటిది, 20 దగ్గర రెండోది, 40 దగ్గర మూడోది. రెండు రెక్కల మీదా ఉన్నాయి కాబట్టి తల ఇటు అటు తిప్పితే రెండూ ఒకేలా దిగాయో లేదో కూడా తెలిసిపోతుంది.

గాల్లో

ఫేజ్ 1 అంటే మొదటి టెస్ట్ గంటలు. నాకు 40 ఇచ్చారు. అందులో ఫ్లాప్‌కి విడిగా నాలుగు ఫ్లయిట్‌లు కేటాయించాను. అన్నీ 5,000 అడుగుల పైన, 75 నాట్ల దగ్గర. మొదట ఫ్లాప్‌ని కొంచెం కొంచెంగా దించి, ప్రతిసారీ స్టిక్ ఎటైనా లాగుతోందా చూసుకుని, తర్వాత ప్రైమరీ బ్రేకర్ లాగేసి బ్యాకప్‌తో ఎత్తడం. 'ఇప్పుడు పాడైంది' అనుకున్న క్షణం నుంచి ఫ్లాప్ పైకి కదలడం మొదలయ్యే వరకు మొదట్లో 7 సెకన్లు పట్టేది, ఎక్కువ భాగం గార్డుని వెతుక్కోవడానికే. ఎడమ చెయ్యి స్టిక్ మీద, కుడి చెయ్యి థ్రాటిల్ మీద ఉంటుంది. రెండు స్విచ్‌లనీ థ్రాటిల్‌కి బెత్తెడు దూరంలోకి మార్చాక 4 సెకన్లకి వచ్చింది. ఫ్లాప్ లేకుండా ల్యాండింగ్‌లు డజను చేశాను. ఇప్పటికీ ప్రతి నెలా ఒకటి చేస్తాను.

నిజంగా అవసరం పడింది 70 గంటలు దాటాక. డౌన్‌విండ్‌లో (దిగే ముందు రన్‌వేకి సమాంతరంగా ఎగిరే దారిలో) 90 నాట్ల దగ్గర మొదటి నాచ్ నొక్కాను. 20 డిగ్రీలకి లిమిట్ 96, కాబట్టి పర్వాలేదు. ముక్కు మామూలుగా కదలాల్సిన దానికంటే ఎక్కువ కదిలింది, సీటు బెల్టులోకి వాలినట్టయింది. స్క్రీన్ మీద ఫ్లాప్ 0 చూపిస్తోంది. రెక్క వైపు చూస్తే మూడో గీత బయటికి వచ్చేసి ఉంది.

చెయ్యి అలవాటు కొద్దీ స్టిక్ మీది 'అప్' బటన్ నొక్కింది. ఏమీ జరగలేదు. మళ్లీ నొక్కాను. తర్వాత ఇంటికి వచ్చి ఆలోచిస్తే నవ్వొచ్చింది కానీ అప్పుడు మాత్రం టెన్షన్‌తో నోరెండిపోయింది. కంట్రోలర్ లెక్క ప్రకారం ఫ్లాప్ 0 దగ్గరే ఉంది. పైన ఉన్నదాన్ని ఇంకా పైకి ఎందుకు ఎత్తాలి? దాని దృష్టిలో అది సరిగ్గానే చేస్తోంది. గార్డు తీసి ట్రాన్స్‌ఫర్ స్విచ్ వేశాను, బ్యాకప్ పైకి నొక్కి పట్టుకున్నాను, రెండో గీత దగ్గర వదిలేశాను. ఆ 20 డిగ్రీలతోనే వచ్చి దిగాను. ప్యాటర్న్‌లో (రన్‌వే చుట్టూ తిరిగే దారిలో) ఉన్న ఇంకో విమానం వాళ్లకి ఏమీ తెలియలేదు.

విప్పి చూస్తే పొటెన్షియోమీటర్ కడ్డీకి నేను వాడిన ప్లాస్టిక్ క్లిప్ విరిగి ఉంది. హ్యాంగర్ వేడికి పెళుసెక్కింది. తీగ తెగి ఉంటే రీడింగ్ హద్దులు దాటిపోయి కంట్రోలర్ కనిపెట్టి ఆగిపోయేది. కడ్డీ ఊడి సెన్సర్ 0 దగ్గర చక్కగా కూర్చుంది, అది పూర్తిగా నమ్మదగిన అంకె. మరి ఎంతసేపటికీ రీడింగ్ మారకపోతే ఆపేసే టైమ్‌అవుట్ ఉండాలి కదా? ఉంది, 12 సెకన్లు. ఫ్లాప్ ప్రయాణమంతా 8 సెకన్లు. ఆ అంకె పెట్టింది నేనే, టెస్టింగ్‌లో మాటిమాటికీ ఆగిపోతోందని విసుగొచ్చి పెంచి, తగ్గించడం మర్చిపోయాను.

40 డిగ్రీల లిమిట్ మీద 3 నాట్లు దాటింది కాబట్టి హింజ్‌లు, పుష్‌రాడ్‌లు, ఫ్లాప్ స్కిన్, రివెట్లు అన్నీ లైటు వేసి చూశాను. ఏమీ లేదు. ప్లాస్టిక్ క్లిప్ బదులు స్టీలు బాల్ జాయింట్, దానికి కాటర్ పిన్ వచ్చాయి. టైమ్‌అవుట్ ఇప్పుడు ప్రయాణం మొత్తానికి కాదు, మోటారుకి కరెంటు వెళ్తుండగా ఒక సెకను పాటు రీడింగ్ మారకపోతే ఆగిపోతుంది. డౌన్‌విండ్‌లో మొదటి నాచ్ నొక్కేది ఇప్పుడు 85 నాట్లకి తగ్గాకే. పొరపాటున పూర్తిగా దిగినా లిమిట్ లోపలే ఉంటుందని.

ఒక ఇబ్బంది ఇంకా తీరలేదు. బ్యాకప్ వాడాక ట్రాన్స్‌ఫర్ స్విచ్‌ని వెనక్కి మార్చడం మర్చిపోతే తర్వాతి ఫ్లయిట్‌లో స్టిక్ బటన్ పని చేయదు, ఎందుకో వెంటనే తట్టదు. గార్డు మూస్తే స్విచ్ దానంతట నార్మల్‌కి పడిపోయే రకం తెప్పించాను. కానీ అది నా ప్యానెల్ రంధ్రానికి సరిపోలేదు. అల్యూమినియం మళ్లీ కోయాలి. ఆ పని చలికాలానికి పెట్టుకున్నాను. ఈలోపు ప్రీఫ్లయిట్ చెక్‌లిస్ట్‌లో ఒక లైను చేరింది: గార్డు మూసి ఉందా, కళ్లతో కాదు, వేలితో.